ఏటమ్మ చీర రంగు

అనగనగా ఒక ఊళ్ళో, కోడికూత కన్నా ముందు మగ్గం చప్పుడు వినిపించే ఊళ్ళో, మార్కండేయులు అని ఒక తాత ఉండేవాడుట. ఆ ఊరి పేరు కుంకుళ్ళపాడు. ఊరి పక్కనే ఏరు. ఏటి పక్కన ఇంత పొడుగున పసుప్పచ్చటి ఇసుక.

ఏదీ, ముందా దుప్పటి కప్పుకో. కాళ్ళు ఆడించావంటే కథ మధ్యలో ఆగిపోతుంది, తర్వాత నన్ననకు.

మార్కండేయులు తాతకి ఇద్దరు కొడుకులు, ఇద్దరు కోడళ్ళు, ఒక్కటే మగ్గం. భార్య ఏనాడో పోయింది. కొడుకులిద్దరూ ఎంత నెమ్మదస్తులంటే, ఎవరేం చెప్పినా గంగిరెద్దుల్లా తలూపేవాళ్ళు. అందుకని ఈ కథలో వాళ్ళతో మనకి పెద్దగా పనిలేదు. వాళ్ళని మగ్గం దగ్గర కూర్చోబెట్టేసి, మనం కోడళ్ళ దగ్గరికి పోదాం.

పెద్దకోడలు సీతారత్నం. అత్తగారు లేని ఆ ఇంటిని నెత్తిన పెట్టుకుని మోసిన మనిషి. వంటా తనే, నూలుకి రంగులు వెయ్యడమూ తనే. పని చేస్తే కళ్ళకద్దుకునేట్టు ఉండేది. కానీ ముక్కుమీద కోపం. తను పట్టిన కుందేటికి మూడే కాళ్ళు అనే రకం.

చిన్నకోడలు కుముదం. కొత్తగా వచ్చిన పిల్ల. దానికి తోటికోడలంటే భయమూ ఉండేది, అంతకు రెట్టింపు ఇష్టమూ ఉండేది. సీతారత్నం రంగు కాగులో నూలు ముంచి, రెండు చేతులతో మెలిపెట్టి పిండుతుంటే, కుముదం పని మానేసి చూస్తూ నిలబడిపోయేది. 'ఈ అక్క చెయ్యి తిరిగినట్టు నా చెయ్యి ఎప్పటికి తిరుగుతుందో' అనుకునేది. అయితే కుముదం కూడా తక్కువదేం కాదు సుమా. తనకి కనపడింది కనపడినట్టు చెప్పేస్తుంది. మొహమాటం లేదు.

ఆ ఊళ్ళో ఒక ఆచారం ఉండేది. ఏటా వానలు వెలిశాక ఏటమ్మకి కొత్త చీర పెట్టాలి. ఏటమ్మ అంటే ఏటి తల్లి. ఆ చీర నేసే వంతు ఏడాదికి ఒక ఇంటిది. ఊరంతా తిరిగి మళ్ళీ అదే ఇంటికి వంతు వచ్చేసరికి, ఆ ఇంట్లో పుట్టిన పిల్లలు ముసలివాళ్ళయిపోతారు.

ఆ చీర రంగు ఎవరికి తోచినట్టు వాళ్ళు వెయ్యడానికి లేదు. వానలు వెలిశాక మొదటిసారి తేటగా తెల్లారిన రోజున, ఏటి నీళ్ళు ఏ రంగులో ఉంటే చీర ఆ రంగులో ఉండాలి. అది చూసి చెప్పవలసింది ఆ ఇంటి ఆడవాళ్ళు. అప్పుడు ముందుగా ఒక బెత్తెడు ముక్క నేసి, ఇంట్లో ఉన్న పెద్దవాళ్ళు ప్రతి ఒక్కరూ మగ్గం మీద చెయ్యేసి 'సరే' అనాలి. ఒక్కరు అనకపోయినా వంతు పక్కింటికి పోతుంది. ఎడమొహం పెడమొహంగా ఉన్న ఇంట్లో నేసిన చీర ఏటమ్మ ఒంటికి ఆనదుట. చూశావా, ఆవిడకెంత పట్టింపో!

ఆ ఏడు వంతు మార్కండేయులు తాత ఇంటికి వచ్చింది. వెనక ఒకసారి వచ్చినప్పుడు ఆయన నీ అంత ఉండేవాడు. వాళ్ళ నాన్న నేస్తుంటే, కండెలకి దారం చుట్టి అందించాడు. అంతే. ఇన్నేళ్ళూ ఊరందరికీ చీరలు నేశాడు గానీ, ఏటమ్మ చీర మీద చెయ్యేసి 'సరే' అనే యోగం మాత్రం ఆయనకి రాలేదు. ఇప్పుడొచ్చింది. వచ్చేసరికి కళ్ళకి పొర కమ్మేసింది. మనుషులు నీడల్లా ఆనేవాళ్ళు, రంగులు అసలు తెలిసేవి కావు. ఇప్పుడు వంతు దాటిపోతే మళ్ళీ వచ్చేనాటికి ఆయన ఉండడు. ఆ సంగతి ఆయనకి తెలుసు, కోడళ్ళకీ తెలుసు.

ఆ తర్వాత వానలు వెలిశాయి. ఒకరోజు తేటగా తెల్లారింది. తోటికోడళ్ళిద్దరూ ఏటికి వెళ్ళారు. సీతారత్నం రోజూ తను బట్టలుతికే నల్లబండ మీద నిలబడింది. కుముదానికి బండ మీద నాచంటే భయం. అందుకని అవతలికి పోయి ఇసుకలో నిలబడింది.

"చూశావుగా, బూడిద రంగు. పద పోదాం," అంది సీతారత్నం.

"బూడిద రంగేమిటక్కా! వంగపూవు రంగు కదా," అంది కుముదం.

వంగపూవు రంగంటే తెలీదూ? పెరట్లో వంకాయ మొక్కకి పువ్వు పూస్తుందే, లేతగా, ఊదా కాకుండా తెలుపూ కాకుండా, అదీ. మీ అమ్మ లావెండర్ లావెండర్ అని పట్టుకొచ్చింది చూడు, నీ కొత్త గౌను, ఆ రంగే.

అప్పుడు సీతారత్నానికి కోపం వచ్చింది. "నిన్న గాక మొన్న వచ్చావు, మా ఏటి రంగు నువ్వు నాకు చెబుతావా? బూడిద రంగు పెద్దమనిషి తరహా రంగు. పక్కన ఏ రంగుంటే ఆ రంగుని వెలగనిచ్చి తను వెనక్కి నిలబడుతుంది. మాసినా తెలీదు. నీ వంగపూవు రంగుందే, నాలుగు ఉతుకులకి వెలిసిపోతుంది."

"వెలిస్తే వెలవనీ అక్కా. పువ్వు వాడదా? వాడుతుందని పూయడం మానేస్తుందా?" అంది కుముదం. "ఆ రంగు చూస్తే కళ్ళు చల్లబడతాయి. అయినా బాగుందని కాదు నేను చెప్పేది. కనబడింది గనక చెబుతున్నాను."

అదీ మొదలు. చిలికి చిలికి గాలివాన అయింది. మొదట మాటలు పెరిగాయి. ఆ తర్వాత మాటలు ఆగిపోయాయి. మాటలు పెరగడం కన్నా ఆగిపోవడమే చెడ్డది నాయనా. ఆ తర్వాత ఒక పొయ్యి రెండు పొయ్యిలయింది.

పాపం, ఆ రెండు పొయ్యిల మధ్య నలిగిపోయింది మార్కండేయులు తాతే. పెద్దకోడలు ఆనపకాయ పులుసు పెట్టేది. అది తిని లేవబోతే చిన్నకోడలు తోటకూర పప్పు పెట్టేది. ఏ కంచం వదిలినా ఒకరికి కోపం. రెండు కంచాలూ ఊడ్చి, పొట్ట పట్టుకుని అరుగు మీద కూర్చునేవాడు. కొడుకులేమో పెద్దది చెప్పినా తలూపారు, చిన్నది చెప్పినా తలూపారు. పక్కింటివాళ్ళు అప్పుడే మగ్గం దులిపి సిద్ధంగా ఉన్నారుట, వంతు తమకి రాకపోతుందా అని.

అన్నిటిలోనూ గొడవే గానీ అంచు దగ్గర మాత్రం గొడవ లేదు. ఆ ఇంట్లో ఏ చీరకైనా పసుపు అంచే. అది తాతల నాటి నుంచీ వస్తున్నది.

ఒకరోజు సాయంత్రం కుముదం దీపం పెట్టడానికి మగ్గం గదిలోకి వెళ్ళింది. అక్కడ మార్కండేయులు తాత ఒక్కడే ఉన్నాడు. ఖాళీ మగ్గాన్ని అరచేత్తో నిమురుతున్నాడు. ఇక్కణ్ణించి అక్కడికి, అక్కణ్ణించి ఇక్కడికి. ఎవరో వచ్చినట్టు తెలిసి చెయ్యి తీసేసుకున్నాడు, దొంగపని చేసినవాడిలాగ.

కుముదానికి గుండె కలుక్కుమంది. 'ఛీ, నా పంతం కాల్చనా! ఈ ముసలాయన ఆశ కన్నా ఎక్కువా నాకు రంగు?' అనుకుంది. అనుకుంది గానీ, ఏటమ్మ ముందు అబద్ధం ఎలా చెప్పడం? కనపడని రంగుని కనపడిందని ఎలా అనడం? అప్పుడు దానికొక ఉపాయం తోచింది. ఎలాగైనా సరే, బూడిద రంగు తన కళ్ళకి కనబడేదాకా చూడాలి. కనబడితే చాలు, అక్క మాటే తన మాట.

తెల్లారగానే ఏటికి వెళ్ళింది. ఇసుకలో నిలబడి చూసింది. వంగపూవు రంగే. అప్పుడు కళ్ళు సగం మూసి చూసింది. వంగపూవు రంగే. ఆ తర్వాత అటు తిరిగి, నడుం వంచి, తల కిందికి పెట్టి కాళ్ళ సందులోంచి చూసింది. నవ్వకు! నీళ్ళకొచ్చిన ఆడవాళ్ళు కూడా ఇలాగే నవ్వారు. అయినా వంగపూవు రంగే.

ఉసూరుమంటూ, కాళ్ళకంటిన ఇసుక కడుక్కుందామని, భయపడుతూనే నల్లబండ ఎక్కింది. సీతారత్నం రోజూ నిలబడే బండ. ఒక కాలు కడుక్కుని తలెత్తి చూసిందో లేదో, ఎదురుగా ఏరంతా బూడిద రంగు!

రెండో కాలు కడుక్కోవడం మర్చిపోయింది కుముదం. ఎందుకలా మారిందో దానికి అర్థం కాలేదు. ఒక్కటి మాత్రం అర్థమైంది. అక్క పంతానికి అనలేదు. అక్కకి నిజంగానే అలా కనబడింది. 'నేనెన్ని మాటలన్నాను!' అని సిగ్గేసింది.

గబగబా ఇంటికొచ్చి, ఎవరికీ చెప్పకుండా రంగు కలపడానికి కూర్చుంది. కరక్కాయలు నలగ్గొట్టి నీళ్ళలో మరిగించింది. బెల్లం నీళ్ళలో ఇనప ముక్కలు ఊరేసిన కుండ ఇంట్లో ఎప్పుడూ ఉండేది. అందులోంచి గరిటెడు పోసింది. నూలు ముంచి, అక్క పిండినట్టే మెలిపెట్టి పిండింది. చక్కటి బూడిద రంగు. అక్క వేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే వచ్చింది. ఆ పిల్ల సంబరం చూడాలి! ఆ చిలపని, అదే, ఆ నూలు చుట్టని తీసుకెళ్ళి పెరట్లో దండెం మీద ఆరేసింది. అప్పటికే దండెం నిండా సీతారత్నం ఆరేసిన పసుపు నూలు ఉంది, అంచు కోసం. దాని పక్కనే కాస్త చోటు చూసుకుని ఆరేసి, వెనక్కి తిరిగి చూడకుండా లోపలికొచ్చి కూర్చుంది. ఇంక అక్క చూస్తుంది, చూసి మాట్లాడుతుంది అని.

సీతారత్నం చూసింది. చూసి, ఇంటి పెంకులెగిరిపోయేలా అరిచింది.

"కుముదం! ఎంత పొగరే నీకు! ఎవరూ 'సరే' అనకుండానే వంగపూవు రంగు వేసేస్తావా?"

కుముదం బయటికి పరిగెత్తుకొచ్చింది. "అది బూడిద రంగే అక్కా! నీకోసమే వేశాను. ఒట్టు."

"ఎదురుగా కనబడుతుంటే ఒట్లేస్తావా? మామయ్యకి కళ్ళు లేవని నాకూ లేవనుకున్నావా!"

ఆ మాట అనేసింది. పెరటి అరుగు మీద మార్కండేయులు తాత ఉన్నాడు. మెల్లిగా, "కళ్ళు లేకపోయినా చెవులున్నాయమ్మా," అన్నాడు.

ఇంక చూడు, సీతారత్నం మొహం మాడిపోయింది. కుముదానికి ఏడుపు తన్నుకొచ్చింది. ఏడుస్తూనే దండెం మీంచి ఆ చిలపని లాగి, సున్నం కొట్టిన గోడకి ఆనించి పట్టుకుంది. "నువ్వే చూసుకో అక్కా. చూసి చెప్పు. నేను అబద్ధాలకోరునైతే ఇవాళే మా పుట్టింటికి పోతాను."

సీతారత్నం చూసింది. బూడిద రంగు.

అప్పుడు ఆ చిలప లాక్కుని మళ్ళీ దండెం మీద వేసింది. వంగపూవు రంగు! మళ్ళీ గోడ దగ్గరికి తెచ్చింది. బూడిద! మళ్ళీ దండెం మీద వేసింది. వంగపూవు! మూడోసారి కూడా అంతే.

"ఏమిటే ఇది, దెయ్యం పట్టిన నూలా?" అంది. ఇంతసేపూ ఉన్న కోపం ఎటుపోయిందో, గొంతులోకి భయం వచ్చేసింది.

కుముదం కళ్ళు తుడుచుకుని దగ్గరికొచ్చింది. దండెం మీద బూడిద నూలు పక్కనే పసుపు నూలు. దానికేదో తట్టింది. పసుపు నూలుని దూరంగా జరిపింది. పక్కది బూడిద రంగైపోయింది. దగ్గరికి జరిపింది. మెల్లిగా, సిగ్గుపడ్డట్టుగా, వంగపూవు రంగు వచ్చి కూర్చుంది. ఒక్క చుక్క రంగు వెయ్యలేదు. ఒక్క పోగు మార్చలేదు. పక్కన ఎవరున్నారో దాన్ని బట్టి ఆ నూలు రంగు మారి కనబడుతోంది. ఎంత వింతో చూడు! పసుపు పక్కన పెడితే బూడిదలోంచి పువ్వు పూస్తుంది.

"అక్కా, ఇసుక!" అంది కుముదం. "నేను ఇసుకలో నిలబడ్డాను. నువ్వు బండ మీద నిలబడ్డావు!"

సీతారత్నం జుట్టు ముడి ఊడిపోతున్నా చూసుకోకుండా, చెప్పుల్లేకుండా, వీధిలో జనం చూస్తుండగా ఏటికేసి పరిగెత్తింది. వెనకాలే కుముదం. ఎప్పుడూ ఇసుకలో కాలు పెట్టని మనిషి మోకాళ్ళ దాకా చీర ఎత్తిపట్టుకుని ఇసుకలోకి దిగింది. అప్పుడు తలెత్తి చూసింది.

పొద్దెక్కింది గనక రంగు కాస్త పల్చబడింది. అయినా ఇసుక పక్కన, ఆ పసుప్పచ్చటి ఒడ్డుని ఆనుకుని, నీళ్ళు లేత వంగపూవు రంగులో మెదులుతున్నాయి. నడి ఏట్లోకి పోయేకొద్దీ బూడిద రంగు.

ఆవిడ కుముదం చెయ్యి పట్టుకుంది. "ఇన్నేళ్ళూ బండ మీదే నిలబడ్డానే నేను," అంది. "ఇవతలికి పది అడుగులు వేస్తే ఇది కనబడేది. వేశానా? నువ్వు చెబితే వినను కూడా లేదు." కళ్ళనిండా నీళ్ళు తిరిగాయి ఆవిడకి.

కోపం రావడం తేలికే నాయనా, అందరికీ వస్తుంది. నలుగురూ చూస్తుండగా పరిగెత్తుకెళ్ళి, అవతలివాళ్ళు నిలబడ్డ చోట నిలబడి, 'నాదే తప్పు' అనడం ఉందే, దానికి గుండె కావాలి. సీతారత్నానికి ఆ గుండె ఉంది. అందుకే ఆవిడంటే నాకంత ఇష్టం.

ఆ తర్వాత ఇద్దరూ ఇంటికొచ్చి ఒక పొయ్యి ఆర్పేశారు. మగ్గం ముందు కూర్చున్నారు. సీతారత్నం వంగపూవు రంగు వేస్తానంటుంది. కుముదం వద్దు బూడిదే ఉండనీ అంటుంది. ముందేమో నా రంగంటే నా రంగని కొట్లాట, ఇప్పుడు నీ రంగంటే నీ రంగని కొట్లాట! చివరికి ఇద్దరూ నవ్వుకుని, ఏటిని చూసి ఎలా ఉందో అలాగే వేశారు. చీర నిండా బూడిద నూలే. అంచుకి మామూలు కన్నా వెడల్పుగా పసుపు, ఏటి ఒడ్డు ఇసుకంత నిండుగా. కొడుకులిద్దరూ తలూపి బెత్తెడు ముక్క నేశారు. నడుమ చూస్తే బూడిద. అంచు దగ్గర చూస్తే వంగపూవు. ఎక్కడ మారిందో బ్రహ్మదేవుడు కూడా గీత గీసి చూపించలేడు.

అందరి 'సరే' వినడానికి ఊరిపెద్ద వచ్చే రోజు వచ్చింది. పక్కింటివాళ్ళు గోడ మీంచి తొంగి చూస్తున్నారు. ఊరిపెద్ద మగ్గం ముందు నిలబడి, "ఏమర్రా, అందరికీ సమ్మతేనా?" అన్నాడు.

పెద్దకొడుకు చెయ్యేసి సరే అన్నాడు. చిన్నకొడుకు సరే అన్నాడు. సీతారత్నం సరే అంది. కుముదం సరే అంది. ఇంక మార్కండేయులు తాత మిగిలాడు. ఆయన్ని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి మగ్గం ముందు కూర్చోబెట్టారు.

ఆయన బెత్తెడు ముక్క మీద వేళ్ళు పెట్టాడు. పోగు పోగూ తడిమి చూశాడు. నేత బాగుంది. నేత చేతికి తెలుస్తుంది గానీ రంగు తెలీదు కదా. అటూ ఇటూ తల తిప్పాడు. కళ్ళు చిట్లించాడు. లాభం లేకపోయింది. జన్మంతా ఎదురుచూసిన చీర వేళ్ళ కింద ఉంది, కంటికి ఆనడం లేదు.

"నాకు కనబడడం లేదమ్మా," అన్నాడు. "కనపడనిదాన్ని సరే అని ఎలా అనను? మీరే చెప్పండి. ఏ రంగు వేశారు?"

ఊరిపెద్ద కోడళ్ళిద్దరికేసీ చూశాడు. ఈ కోడళ్ళ గొడవ ఊరంతా తెలిసిందే.

అప్పుడు ఇద్దరూ ఒక్కసారే నోరు తెరిచారు.

"వంగపూవు రంగు మామయ్యా," అంది సీతారత్నం.

"బూడిద రంగు మామయ్యా," అంది కుముదం.

ముసలాయన ఏ గొంతు ఏ రంగు చెప్పిందో విన్నాడు. అప్పుడాయన మొహం మీద నవ్వు మొదలై, ముడతలన్నిట్లోకీ పాకి, కళ్ళలోంచి నీళ్ళై కారింది. మగ్గం మీద చెయ్యి వేశాడు. ఆ చేతి మీద పెద్దకోడలు చెయ్యి ఒకటి, చిన్నకోడలు చెయ్యి ఒకటి పడ్డాయి.

"బాగా కనబడింది తల్లీ," అన్నాడు. "సరే."

ఏటి ఒడ్డు ఇసుక,
ఇసుక మీద పిచుక,
పిచుక ఎగిరె గూటికి,
కథ నడిచె కంచికి,
కళ్ళు మూసి నువ్వూ నేనూ
పోదామింక ఇంటికి.